బోర్డు మీద పై వరుస

వాడిన టీ పొడిని సౌభాగ్య పారేయదు. పెరట్లో పాత పేపరు మీద ఆరబెడుతుంది. అది చూసినప్పుడల్లా అత్త అప్పలకొండ, "ఏటమ్మా, ఈ చెత్త కూడా సంసారమేనా?" అంటుంది. ఆ చెత్తనే జల్లెడ పడితే, మొగుడు రాజేంద్ర నడిపే బొమ్మ రైలు పట్టాల పక్కన మట్టి అవుతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచు తుంచి అగరుబత్తి పుల్లలకు అంటిస్తే చెట్లు. చిరిగిన చీరను ప్లాస్టర్‌లో ముంచి ఆరబెడితే కొండలు. రాజేంద్ర రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి క్వార్టర్‌కి వచ్చి, ఇంజిన్ ఒకసారి తిప్పి చూసుకుని, "ఆ కొండ కొంచెం వెనక్కి జరుపు" అని పడుకుంటాడు. జరపడమంటే విరగ్గొట్టి మళ్ళీ కట్టడమని అతనికి పట్టదు. వంటయ్యాక, అత్తకు మందులిచ్చాక, బట్టలు మడతపెట్టాక ఆమె కూర్చుని విరగ్గొట్టేది, మళ్ళీ కట్టేది. వేళ్ళకంటిన జిగురు అన్నం కలుపుతుంటే పొరలుగా ఊడొచ్చేది. ఎవరైనా చూడ్డానికొస్తే రాజేంద్ర, "అంతా నేనే చేశాను. ఈవిడది ఊరికే టైంపాస్" అనేవాడు. ఆమె ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది. ఊరి బళ్ళో తెలుగులో చదివిన పిల్లవంటూ పెళ్ళైన కొత్తలో ఆమెను చూసి నవ్విందీ అతనే. రైల్వే బళ్ళో హిందీలో చదివిన అతనికి తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు.

రైల్వే వాళ్ళ హాల్లో బొమ్మ రైళ్ళ ప్రదర్శన పెట్టారు. దానికి ముందురోజు రాజేంద్ర తన బొమ్మ స్టేషన్‌కి పేరు రాసే చిన్న పసుపు బోర్డు తెచ్చాడు. పేరు తన తాతల ఊరిదే, కొత్తవలస. హిందీ, ఇంగ్లిష్ వరుసలు షాపులో వేయించాడు. పై వరుస ఖాళీగా ఉంది.

"ఆంధ్రాలో పైన తెలుగుండాలి కదా. నీ జిలేబీలు నాలుగు చుట్టు," అన్నాడు. "రేపు నువ్వు రానక్కర్లేదు. పకోడీలు పంపు చాలు."

సౌభాగ్య సన్న కుంచె నల్లరంగులో ముంచింది. 'కొ' రాయబోయి ఆగింది. ఆ ప్లాట్‌ఫాం, ఆ క్వార్టర్లు, ఆ కొండ, తన నీలం చీర మీద కట్టిన ఆ కొండ. కుంచె మళ్ళీ రంగులో ముంచి తన పేరు రాసింది.

ఆరాక చూపిస్తే, "అచ్ఛా, బఢియా," అన్నాడు రాజేంద్ర.

మర్నాడు పకోడీలు ఎవరితోనూ పంపలేదు. తనే హాలుకి తీసుకెళ్ళింది. రిటైరైన గార్డు బంగార్రాజు కళ్ళజోడు సర్దుకుని బోర్డు మీదకు వంగి ఉన్నాడు.

"ఓరి రాజేంద్రా, కింద కొత్తవలస, పైన సౌభాగ్య. ఈ టేషను ఏ లైన్లో ఉందిరా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రాజేంద్ర కూడా నవ్వబోయి, గుమ్మం దగ్గర సౌభాగ్యను చూసి ఆగిపోయాడు. బోర్డు మీదకు వంగాడు. ఆ అక్షరాలు అతనికి ఏమీ చెప్పలేదు.

"ఎందుకిలా రాసినావు?" పళ్ళ బిగువున అడిగాడు.

సౌభాగ్య పకోడీల డబ్బా కొండ పక్కన పెట్టింది.

"నేను కట్టిన ఊరికి నా పేరు పెట్టాను. కొత్తవలస మీరు కట్టుకోండి."