రెండో ట్రాన్స్‌ఫార్మర్

సౌమ్యకు తన పని మీద అనుమానం ఎప్పుడూ లేదు. ఉన్న అనుమానమంతా దాన్ని చదివేవాళ్ల మీదే. చెన్నైలోని పేటెంటు కార్యాలయం నుంచి వచ్చిన కాగితంలో, ఇది ఉన్నదాన్నే రెండుసార్లు పెట్టడం తప్ప మరేమీ కాదన్న వాక్యం చూసి ఆమె కోపగించుకోలేదు, పకపకా నవ్వింది. రెండేళ్ల కష్టాన్ని ఒక్క వాక్యంలో తీసిపారేయడానికి కూడా కొంత ఒడుపు ఉండాలి మరి.

హైదరాబాదులో పన్నెండు మంది కూర్చుని చిప్పులకు నమూనాలు గీసే చిన్న కంపెనీ ఆమెది. చిప్పు లోపల కరెంటు మోసే దారులుంటాయి. వెంట్రుకను నిలువునా వందలుగా చీలిస్తే ఎంత సన్నం వస్తుందో అంత సన్నం. ఏళ్ల తరబడి కరెంటు పారీ పారీ ఆ దారిలోని లోహం రవ్వరవ్వగా చోటు వదిలి కొట్టుకుపోతుంది. దారి సన్నబడి సన్నబడి ఒకనాడు తెగుతుంది. అందుకని పక్కనే రెండో దారి వేసి ఉంచుతారు. ఇది సౌమ్య కనిపెట్టిందేమీ కాదు, అందరూ చేసేదే.

సౌమ్య చేసింది వేరు. మొదటి దారి తెగేదాకా ఆగకుండా, అది నీరసపడుతుండగానే పసిగట్టి, రెండోదాన్ని కొంచెం కొంచెంగా తెరిచి, బరువును రెండింటి మీదా పంచే ఏర్పాటు అది. పాతది ఇంకా ఎంత మోయగలదో చూసి కొత్తది తెరుచుకుంటుంది. కొత్తది ఎంత తట్టుకుంటుందో చూసి పాతది తగ్గుతుంది. ఆ సర్దుబాటు అయ్యేదాకా చిప్పులో తొందర లేని పనులు పక్కకు తప్పుకుని నిలబడతాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. తెలిసిన వస్తువులను పక్కపక్కన పెట్టి, దేని పని అది చేసుకుపోతుంటే దానికి పేటెంటు రాదు. ఆ పని తెలిసిన మామూలు మనిషికి తేలిగ్గా తట్టే ఉపాయానికీ రాదు. ఈ రెండు అభ్యంతరాలనూ గురువారం పదకొండు గంటలకు అధికారి ముందు తేల్చుకోవాలి. తేలకపోతే ఈ పనిని ఇక్కడితో కట్టిపెడదామని కంపెనీ యజమాని శ్రీనివాస్ రావు మర్యాదగానే చెప్పేశాడు.

విచారణ కంప్యూటర్ తెర మీదే కనుక సౌమ్య కోరుట్లలో అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయింది. అమ్మ సమ్మవ్వకు కంటి ఆపరేషనై వారం కాలేదు. బుధవారం సాయంత్రం ప్రణీత ఫోన్ చేసింది. కంపెనీ తరఫున పేటెంటు వ్యవహారాలు చూసేది ఆమే. వేములవాడ దగ్గరి దొరల ఇంటి పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"సౌమ్యా, లెక్కలన్నీ మంచిగనే ఉన్నయి. కానీ లెక్కలు చూసి ఆఫీసరమ్మ నమ్మది. ఊకె రెండోది పెడితె సాలదు, పైకెల్లి ఉన్నదాన్ని గూడ ముంచుతది అని చూపెట్టే అసలు సంగతి ఒక్కటి కావాలె. ఏడనన్న జరిగింది. ఉన్నదా?"

ఉంది. ఆ సంగతి ఇప్పుడు నాన్న రూపంలో ముందుగదిలో కూర్చుని సమ్మవ్వ కంట్లో వేసే చుక్కల సీసాను వెలుతురుకు పెట్టి చూస్తోంది.

"లేదక్కా" అంది సౌమ్య.

ఆ అబద్ధం ఎందుకాడిందో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి పోవాలి. నాన్న రాజేశం అప్పుడు మల్లాపూర్‌లో కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవాడు. మోకు నడుముకు బిగిస్తే ఎంత ఎత్తయినా నిమిషంలో పైనుండేవాడు. తాటిచెట్టెక్కగలవాడు కరెంటు స్తంభం ఎక్కలేడా అని రైతులు ఫ్యూజు పోయినప్పుడల్లా అతన్నే పిలిచేవారు. పిలవగా పిలవగా అతను ఆ పని నిజంగానే నేర్చుకున్నాడు. ఏ తీగ ఎటు పోతుందో లైన్‌మన్ కంటే అతనికే బాగా తెలుసని ఊరంతా అనేది. అతనూ కాస్త మీసం మెలేసేవాడు, అబద్ధమెందుకు.

ఆ ఏడు యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో శివారులోని మొదటి ట్రాన్స్‌ఫార్మర్ నీరసపడింది. దాని మీది ఇరవై రెండు మోటర్లు మూలుగుతూ తిరుగుతున్నాయి తప్ప నీళ్లు ఎత్తడం లేదు. లైన్‌మన్‌కు ఎన్నో ఊళ్లు, ఆ రోజు రాలేదు. రైతులు రాజేశం చేతులు పట్టుకున్నారు. అతను స్తంభమెక్కి, మొదటిదాన్ని పూర్తిగా తప్పించి, ఆ మోటర్లన్నిటినీ పక్కనున్న రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపాడు. ప్రతి మోటరుకూ ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు తగలగానే దానంతటదే మోటరును లేపే డబ్బా అది. అన్నీ ఒక్కసారే లేచాయి. నాలుగు నిమిషాల్లో రెండో ట్రాన్స్‌ఫార్మర్ నల్లటి పొగ కక్కింది.

ఒకదాని కింది పొలాలు ఎండాల్సింది, రెండింటి కింది పొలాలూ ఎండాయి. కొత్తవి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ ఎండాకాలమే ముగ్గురు రైతులు గల్ఫ్ విమానమెక్కారు. రామస్వామి అనే రైతు నలుగురిలో నిలబెట్టి "నీ చెయ్యి పడ్డది రాజేశం, మా నోట్లె మట్టి పడ్డది" అన్నాడు. రాజేశం మోకు విప్పి దూలానికి తగిలించి, పెళ్లాన్నీ పిల్లనూ కోరుట్లకు చేర్చి, తనూ దుబాయి పోయాడు. సమ్మవ్వ బీడీలు చుట్టింది. సౌమ్యను చదువుకని సిరిసిల్లలో చెల్లెలింట్లో ఉంచింది. రాజేశం పదకొండేళ్లు పెద్ద పెద్ద భవనాల్లో వైర్లు లాగి తిరిగొచ్చాడు. వచ్చాక కూడా మల్లాపూర్ బస్సెక్కలేదు. బంధువుల పెళ్లి ఉన్నా సమ్మవ్వనే పంపేవాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఎత్తకపోయినా సౌమ్య మరవలేదు. తొమ్మిదేళ్ల వయసులో చూసిన ఆ పొగను కడుపులో పెట్టుకునే చదువుకుంది, ఈ ఉపాయమూ అందులోంచే తీసింది. అయితే మాత్రం, నాన్న తలవంపును తీసుకెళ్లి సర్కారు దస్త్రంలో పెడుతుందా? పెట్టదు. అది లేకుండానే గెలుస్తానని ఆమె ధీమా.

గురువారం పొద్దున్నే రాజేశం ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు చూశాడు. నెట్టు పోతే అక్కరకొస్తుందని తన ఫోన్ కూడా చార్జింగులో పెట్టాడు. "కరెంటు సంగతి నాకిడిసిపెట్టు బిడ్డా. నువ్వు మాట్లాడు" అని గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు.

పదకొండింటికి తెర మీద అధికారిణి కనిపించింది. యాభై దాటిన తమిళావిడ, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. తెలుగు రాదు, వ్యవహారమంతా ఇంగ్లీషులోనే. ప్రణీత హైదరాబాదు నుంచి మొదలుపెట్టింది. దారులు రెండూ విడివిడిగా పనిచేయవు, ఒకదాన్నొకటి చూసుకుంటూ పనిచేస్తాయని పటాలు చూపించి పావుగంటలో ఒప్పించింది. అధికారిణి తలూపింది. మొదటి అభ్యంతరం దాదాపు తీరినట్టే.

రెండోదే మొండికేసింది.

"రెండో దారి పెట్టడం తెలిసిందే" అంది అధికారిణి. "బరువును ఒక్కసారిగా కాక మెల్లగా ఎక్కించడమూ తెలిసిందే. ఇవిగో పాత పత్రాలు. తెలిసిన రెండింటినీ కలిపారు. ఈ పని వచ్చిన మనిషికి తట్టదా?"

"తట్టలేదు మేడం" అంది సౌమ్య. "దారి నీరసపడిందని తెలియగానే అందరూ దాన్ని పూర్తిగా తప్పించాలనే చూశారు. ఆ పాత పత్రాల్లోనూ అదే ఉంది. నీరసపడినదానితోనే ఇంకొంతసేపు మోయించాలని ఎవరూ అనుకోలేదు."

"అనుకోలేదు, సరే. అనుకోవడం కష్టమని ఎలా చెబుతారు? రెండూ తెలిసిన ఇంజినీరు ఒక పూట కూర్చుంటే రాదా?"

సౌమ్య నోట్లో జవాబు సిద్ధంగానే ఉంది. అది నాన్న పేరుతో మొదలవుతుంది. ఆమె దాన్ని పక్కకు నెట్టి, ఇందాక చూపించిన పటాన్నే మళ్లీ తెర మీద పెట్టింది. తెర మీద ప్రణీత కనుబొమలు ముడిపడ్డాయి.

కుర్చీ జరిగిన చప్పుడైంది. పదకొండేళ్లు ఇంగ్లీషు మేస్త్రీల కింద పనిచేసిన మనిషికి లోడు, ఫెయిలు, స్విచ్చు అన్న మాటలు అర్థం కావడానికి ఎంతసేపు? రాజేశం వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"నేను చెప్తనని చెప్పు మేడంకు."

"బాపూ, వద్దు."

"ఆమె అడుగుతున్నది నన్నే బిడ్డా. గా పని తెలిసిన మనిషికి తట్టదా అంటున్నది. గా మనిషిని నేనే గద."

ఎవరాయన అని అధికారిణి అడిగింది. మా నాన్నగారు, కరెంటు పని చేసేవారు అంది సౌమ్య. చెప్పమనండి అందావిడ. రాజేశం చెప్పాడు. వాక్యం వాక్యం సౌమ్య ఇంగ్లీషులో పెట్టింది. నీరసపడిన ట్రాన్స్‌ఫార్మర్, ఆటో స్టార్టర్లు, నాలుగు నిమిషాలు, ఎండిన పొలాలు. రాజేశం అన్నీ నిలకడగానే చెప్పుకుపోయాడు.

"ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఎక్కించవచ్చని ఆయనకు అప్పుడు తెలుసా?" అని అడిగింది అధికారిణి.

సౌమ్య ఆ ప్రశ్నను నాన్నకు చెప్పింది. తెలియదనేస్తే బాగుండునని లోలోపల వెయ్యి దండాలు పెట్టుకుంది. ఎందుకంటే ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు.

"ఎరుకే" అన్నాడు రాజేశం. "సిరిసిల్లల మా మరదలి ఇంటెనక మార్కండేయులు బట్ట నేసే సాంచెల కార్ఖానా ఉండె. కరెంటు పోయి అచ్చిందంటె అన్ని సాంచెలు ఒక్కపారి నడిపియ్యడు. వరుసకు వరుస ఇడిసి నడిపిస్తుండె. నా కండ్లతోని సూసిన. రెండోదానికి కలుపుడు ఎరుక, మెల్లగ ఎక్కిచ్చుడు ఎరుక. రెండూ ఎరుకై గూడ గట్ల జేసిన."

"ఎందుకు?"

"మొదటిది పాడైందనుకున్న మేడం. పాడైనదాన్ని ఇంకెవ్వలు నమ్ముకుంటరు? ఇడిసిపెట్టుడే. అది ఇంక సగం పని జేస్తదని, దాన్ని పట్టుకొనే రెండోదాన్ని లేపాలెనని నాకు తోచలే. సుట్టూత ముప్పై మంది రైతులున్నరు, ఒక్కనికి తోచలే. గంత అల్కగ తోచేదే అయితె, నేను పదకొండేండ్లు దుబాయిల ఉందునా?"

సౌమ్య ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఏమీ తగ్గించలేదు. అధికారిణి కళ్లజోడు పైకి తోసుకుని ఏదో రాసుకుంది. పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా ఇవ్వండి, ఆయన చెప్పింది ప్రమాణపత్రంగా జత చేయండి అంది. తెర ఆరిపోయింది.

వెంటనే ప్రణీత ఫోన్. "లేదన్నవ్ గద సౌమ్యా! పక్కగదిల పెట్టుకొని లేదన్నవా?" తిట్టిందో మెచ్చుకుందో తెలియకుండా పది నిమిషాలు మాట్లాడింది. శనివారం రాజేశం జగిత్యాల పోయి, నోటరీ ముందు కూర్చుని, ఇరవై ఏళ్లు నోరెత్తని సంగతి కింద మూడు చోట్ల సంతకం పెట్టాడు. కాగితం తెలుగులో కూడా రాయించమని పట్టుబట్టి, చదివించుకుని మరీ పెట్టాడు.

ఉత్తర్వు దసరా దాటాక వచ్చింది. సౌమ్య దాన్ని హైదరాబాదులో చదివి, శ్రీనివాస్ రావు తెప్పించిన మిఠాయి డబ్బా అలాగే చంకలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కింది. పేటెంటు ఇచ్చారు. ఇస్తారని ఆమెకు మొదట్నుంచీ నమ్మకమే. ఆమెను బస్సెక్కించింది మాత్రం ఏడో పేజీ.

"గిండ్ల నా పేరున్నదా?" అన్నాడు రాజేశం కాగితాలు తిరగేస్తూ.

"పేరు లేదు బాపూ. ఆ పని తెలిసిన మనిషి అని ఉన్నది."

"ఏమన్నరు గా మనిషిని?"

సౌమ్య నాన్న పక్కన కూర్చుని, ఏడో పేజీ తీసి, మెల్లగా తెలుగు చేసి చెప్పింది. "ఆ పని తెలిసిన మనిషికి, రెండు ఉపాయాలూ తెలిసినా సరే, వాటిని ఇట్లా కలపాలని తట్టదు. నీరసపడినదాన్ని తప్పించి, బరువంతా రెండోదాని మీద పెట్టడమే అతను చేసే పని."

"అంటే?"

"అంటే నీ జాగల ఎవ్వలున్నా నువ్వు చేసిందే చేసేటోళ్లు బాపూ. సర్కారు రాసిచ్చింది."

రాజేశం మళ్లీ చదవమన్నాడు. చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి వింటూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుని లేచి, చెప్పులు వేసుకున్నాడు.

"రామస్వామి ఇంటికాడనే ఉంటడా గిప్పుడు?"

"ముసలోడు ఏడికి పోతడు?" అంది సమ్మవ్వ. ఆపరేషనైన కంటితో మొగుణ్ని ఎగాదిగా చూసింది. "తప్పు నీది కాదని చెప్పొస్తవా ఏంది?"

"తప్పు నాదే" అన్నాడు రాజేశం. "ఎవ్వలైనా చేసేదే అని చెప్పొస్త."

నేనూ వస్తానంది సౌమ్య. వద్దన్నాడు. ఏడో పేజీని మాత్రం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, మల్లాపూర్ బస్సు కోసం స్టాండు వైపు నడిచాడు.