ఆరు బొట్లు

ఆయుధపూజ నాడు జగ్గమ్మ బ్యాటరీకి ఆరు బొట్లు పెట్టింది. పెట్టిన చోటు చూసి నాకు నవ్వొచ్చింది. కాని నవ్వలేదు. ఆ కొట్లో నవ్వడానికి కూడా ఆవిడ కొడుకు గణపతిరావు సెలవు కావాలి.

సాలూరు లారీల స్టాండు పక్కన గణపతిరావుకి రెండు లారీలు, బ్యాటరీలకు కరెంటు ఎక్కించే కొట్టు ఒకటి ఉన్నాయి. ఆ కొట్లో పనివాణ్ణి నేను. విజయనగరంలో పి.యు.సి. తప్పి, ముఖం దాచుకోవడానికి ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో నాతో మాట్లాడదగిన మనిషి ఒక్కడూ తగల్లేదు. వీళ్ళకి లారీ నడపడం వచ్చు, లారీ ఎందుకు నడుస్తుందో తెలియదు. తెలియనందుకు సిగ్గూ లేదు.

లారీ బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఆరింటికీ ఆరు మరమూతలు. ఒక్కో మూత నడుమ సూది పట్టేంత బెజ్జం. కరెంటు ఎక్కేటప్పుడు లోపలి ఆసిడ్ బుడగలు పెట్టి గ్యాసు పుడుతుంది. అది పోవడానికే ఆ బెజ్జం. ఆ పెట్టె చేసినవాడికి లోపల ఏం పుడుతుందో తెలుసు. మనుషుల్ని చేసినవాడికి ఆ పాటి జాగ్రత్త తట్టలేదు.

జగ్గమ్మ బొట్లు పెట్టింది సరిగ్గా ఆ ఆరు బెజ్జాల మీద. ఏటా పెట్టేదే. పసుపూ గంధమూ ఎండి, తెల్లారేసరికి పొడిపొడిగా రాలిపోయేవి. మిగిలింది నేను ఎవరూ చూడకుండా సూదితో పొడిచి తీసేవాణ్ణి. కాని పోయినేడు పూజ చేసిన మర్నాడే బండి ఘాట్ మీద జారింది. బొట్టు రాలినందుకే జారిందని తల్లీకొడుకులు తేల్చుకున్నారు. అందుకని ఈసారి గంధంలో చింతపిక్కల జిగురు కలిపింది. ఆ జిగురు ఎండితే మేకు దిగదు.

“మూతల మీద వద్దమ్మా, పక్కన పెట్టండి,” అన్నాను.

“ఏట్రా జగన్నాధం? బొట్టెక్కడ పెట్టాలో మా యమ్మకి నువ్వు నేర్పుతావేటి?” అన్నాడు గణపతిరావు.

“బెజ్జాలు మూసుకుపోతే గ్యాసు...”

“గేసు! ఒరే ఎల్లాజీ, ఇన్నావా? పరీచ్చ తప్పినా మనోడికి గేసు తగ్గనేదు.”

స్టాండులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. డ్రైవరు ఎల్లాజీ కూడా నవ్వాడు. వాడిది ఎద్దు ముఖం. నవ్వినా ఏడ్చినా ఒకేలా ఉంటుంది.

“పోన్లేరా, సదువుకున్నోడు. ఏదో సెప్తాడు,” అంది జగ్గమ్మ, ఆరో మూత మీద వేలు అదుముతూ.

“రేపు బండి ఊరు దాటీవరకు ఆ బొట్ల మీద సెయ్యేసినావంటే సూడు. మూత ఇప్పినా ఊరుకోను,” అన్నాడు గణపతిరావు.

నేను మరో మాట అనలేదు. భయపడి కాదు. తెలిసిన మాటను లోపలే ఉంచుకోవడంలో ఒక రుచి ఉంది. తొమ్మిదేళ్ళుగా నేను బతికింది ఆ రుచి మీదే.

దశమి నాడు పదకొండు గంటలకు ముహూర్తం. పూజ చేసిన బ్యాటరీ బిగించి, కొత్త లోడుతో బండి కదలాలి. ఉదయం ఆరింటికే కరెంటు పెట్టాను. ఎప్పుడూ ఎనిమిదయ్యేసరికి పెట్టె మీద చెవి పెడితే సన్నగా బుడబుడ వినిపిస్తుంది. ఆ రోజు ఏమీ వినిపించలేదు. తొమ్మిదింటికి మూతల చుట్టూ పోసిన తారు కాలిన బొబ్బలా లేచింది. పదింటికి పెట్టె పక్కలు కూడా ఉబ్బాయి.

స్విచ్చి నా చేతికి అందేంత దూరంలో ఉంది. నేను ఆపలేదు. తడిగుడ్డ వేసి మూతలు అర చుట్టు వదులు చేసినా సరిపోయేది. అదీ చేయలేదు. చేయొద్దన్నారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటున్నది అబద్ధమని కూడా తెలుసు. బయల్దేరే ముందు గణపతిరావు వంగి బ్యాటరీని కళ్ళకద్దుకుంటాడు. ఏటా అద్దుకుంటాడు. తెల్లారినప్పటి నుంచీ నేను మనసులో చూస్తున్నది ఆ వంగిన తలనే.

ముహూర్తానికి కాస్త ముందు ఎల్లాజీ గుమ్మంలోకి వచ్చాడు. “బావా, అయిపోనాదేటి? ఎత్తీమంటావా?”

“బోరింగు కాడికెళ్ళి బిందెడు నీళ్ళు తే.”

“రేడియేటరు నింపీసినాను కదేటి.”

“మళ్ళీ తే.”

వాడు నా ముఖం వైపు, తర్వాత బ్యాటరీ వైపు చూసి బిందె తీసుకుని వెళ్ళాడు.

పదకొండుకి గణపతిరావు పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. వెనకాలే హారతి పళ్ళెంతో జగ్గమ్మ. అతను చెప్పులు విడిచి, రెండు చేతులూ బ్యాటరీకి ఆనించి వంగాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. నా గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. అందుకు నాకు గర్వం కూడా కలిగింది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. వీడి కళ్ళు పోతే రేపు స్టాండులో ఏమనుకుంటారు? అమ్మోరికి కోపం వచ్చిందంటారు. మొక్కు తప్పాడంటారు. ఒక్కడంటే ఒక్కడు బెజ్జం మాటెత్తడు. నేను చెప్పింది నిజమని ఎవడికీ తెలియదు. వీడు కళ్ళు పోగొట్టుకుని కూడా నాకేమీ మిగల్చడు.

ఒక్క ఊపున అతని భుజం పట్టి తోశాను.

అప్పుడే ఢామ్మని మోగింది. నడిమి గదుల కప్పు లేచి దూలానికి తగిలింది. ఆసిడ్ నా ఎడమ మోచేతి మీద పడింది, గోడ సున్నం మీద పడి బుసబుస పొంగింది. గణపతిరావు నేల మీద కూలబడి ముఖమంతా తడుముకున్నాడు. ఏమీ కాలేదు. లేచి వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చాడు.

“ఒరే తమ్ముడూ! నువ్వు కాదురా తోసింది! అమ్మోరు నీ సేతిలో కూకున్నాదిరా!”

స్టాండు స్టాండంతా వచ్చి మూగింది. “అమ్మోరే, అమ్మోరే,” అన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే చెయ్యి మంట కంటే ఎక్కువ మండింది. ఏం చేసినా ఈ మనుషులకు అదే మాట. ఇదంతా ఎందుకు చేశానా అనిపించింది.

ఎల్లాజీ జనాన్ని తోసుకుంటూ బిందెతో వచ్చాడు. ఏమీ అడక్కుండా నా మోచేతి మీద నీళ్ళు ధారగా పొయ్యసాగాడు. పోస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“నీకు ముందే తెలుసు కదా బావా?”

నేను మోచెయ్యి ధార కింద అటూ ఇటూ తిప్పాను.

“తెలుసు కాబట్టే నన్ను నీళ్ళకి పంపీసినావు.”

“నీకేమీ కాకూడదని,” అన్నాను. అంటున్నప్పుడే తెలిసింది, అది నిజం కాదని. వాడు అక్కడుంటే అడ్డమని పంపాను.

“మరి ముసిల్దో? ఆయన పక్కనే ఉన్నాది కదా. ఆయమ్మని ఎక్కడికి పంపినావు?”

జగ్గమ్మ అసలు నా లెక్కలోనే లేదు. ఉదయం నుంచీ, పోనీ నిన్నటి నుంచీ, ఒక్కసారైనా ఆవిడ ముఖం నా ఊహలోకి రాలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని తెలివి వెతుక్కున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అది దొరకలేదు.

ఆవిడ గోడవార నిలబడి ఉంది. హారతి ఎప్పుడో ఆరిపోయింది. తెల్లచీర కుచ్చిళ్ళ మీద నాలుగైదు చోట్ల చిన్న చిన్న చిల్లులు పడుతున్నాయి. ఆవిడ ఇంకా చూసుకోలేదు.

ఎల్లాజీ ధార ఆపేశాడు. నా చెయ్యి ఇంకా భగ్గున మండుతూనే ఉంది.

“అమ్మా, కదలకు. నీ కోకకి ఆసిడ్డు అంటినాది,” అంటూ అటు నడిచాడు. బిందెలో మిగిలిన నీళ్ళన్నీ ఆవిడ కాళ్ళ మీద కుమ్మరించి, ఇంకో బిందె కోసం బోరింగు వైపు పరిగెత్తాడు. నా పక్కనుంచే వెళ్ళాడు. నా వైపు చూడలేదు.