ఈ వయసులో ఇవేం పనులు

మెయిల్ తెరవగానే పిచ్చుకకు ముందు కనిపించింది తన పాస్‌వర్డే. చచ్చిపోయిన కుక్కపిల్ల పేరు, దాని పక్కన బావ దుకాణం నంబరు. నర్సింగ్ కాలేజీ నుంచి కబురేమైనా వచ్చిందేమోనని ఆశగా కూర్చున్న పిల్ల, ఆ అక్షరాలు చూసి కుర్చీలోనే కొయ్యబారిపోయింది.

"ఇది నీ పాస్‌వర్డే కదా? నీ కెమెరా చాలాకాలంగా మా చేతిలో ఉంది. తలుపు వేసుకుని నువ్వు చేసేదంతా రికార్డు చేశాం. ఈ వయసులో ఇవేం పనులు? సిగ్గుగా లేదూ? కింది ఖాతాకి డబ్బు పంపితే చెరిపేస్తాం. ఎల్లుండిలోగా పంపకపోతే నీ వాళ్లందరికీ చేరుతుంది. ఎవరికైనా చెప్పావంటే ఈరోజే చేరుతుంది."

కంప్యూటర్ నెత్తిన బొద్దింకలా కూర్చున్న కెమెరా తనకేసే చూస్తోంది. పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకంటే ఆ గదిలో తలుపు వేసుకుని ఆమె చేసే పని ఒకటుంది. నలుగురిలో నోరు విప్పని ఆ పిల్ల, ఒంటరిగా ఉంటే అందరి గొంతులూ అనుకరిస్తుంది. అందులోనూ ఎక్కువగా అనుకరించేది అక్క అత్తగారిని. కొంగు బిగించి, నడుం మీద చెయ్యేసి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, "నా ఇంట్లో దీపాలన్నీ నా శ్రాద్ధానికే వెలుగుతున్నాయా?" అని గోడలను దులిపేస్తుంది. నిజానికి ఆ ఇల్లు అత్తగారిదే. చదువుకోడానికి అక్క దగ్గరికి వచ్చిన చెల్లెలికి ఆమె చోటిచ్చింది కాబట్టే ఈ పుస్తకాలు, ఈ బల్ల. ఆ వీడియో ఆమె కంటపడితే మూటాముల్లే సర్దుకోవాల్సిందే. చదువు అక్కడితో సరి. అక్కకు రోజూ దెప్పిపొడుపులు అదనం.

తువ్వాలు తెచ్చి కెమెరా మీద కప్పింది. అయినా దాని కిందనుంచి చూస్తున్నట్టే ఉంది.

అన్నాల దగ్గర ముద్ద దిగలేదు. అత్తగారు ఒకటికి రెండుసార్లు చూసింది.

"ఏమే పిచ్చుకా, గింజలు లెక్కపెడుతున్నావా?"

"ఆకలి లేదు అత్తయ్యగారూ."

"నాకూ లేదులే," అని ఆమె కంచం పక్కకు నెట్టింది. ఎవరు తిన్నా తినకపోయినా తన భోజనం తాను చేసే మనిషి! ఆవిడకు వీడియో అప్పుడే చేరిపోయిందా? బావ అసలు తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా దుకాణానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న చూస్తే తువ్వాలు మడతపెట్టి బల్ల మీద ఉంది. కెమెరా కంటికి గాయాలకు వేసే ప్లాస్టర్ అంటించి ఉంది, అదీ ఒకదాని మీద ఒకటి, అడ్డంగా నిలువుగా.

తను అంటించలేదు. మరెవరు? ఎవరికో తెలిసిపోయింది. ఇక ఆగితే లాభం లేదనుకుంది. కాలేజీ ఫీజుకని నాన్న వేసిన డబ్బు ఖాతాలో ఉంది. అక్క కుట్టుపనికి వెళ్లేదాకా ఆగి, తలుపు జేరవేసి, ఫోన్‌లో ఆ నంబరు కొట్టడం మొదలుపెట్టింది. ఒక అంకె తప్పింది. చెరిపి మళ్లీ కొట్టింది.

తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. పిచ్చుక ఫోన్ గుండెకు అదుముకుంది.

అయితే ఆమె కేకలెయ్యలేదు. మెల్లగా గడియ పెట్టి, మంచం అంచున కూర్చుంది. ఒక చేతిలో తన ఫోన్, ఇంకో చేతిలో బంగారు గాజు.

"నీకు పుణ్యముంటుంది, మీ అక్కకు చెప్పకు. ఈ గాజు ఉంచుకుని, వీళ్లకు డబ్బు పంపవే. మావాడికి తెలిస్తే నన్ను చిన్నపిల్లలా తిడతాడు."

పిచ్చుక ఫోన్ అందుకుని చూసింది. చచ్చిపోయిన కుక్కపిల్ల పేరు, దుకాణం నంబరు. కింద ఆ ఉత్తరమే, పొల్లు పోకుండా. "ఈ వయసులో ఇవేం పనులు?"

ఆ మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. పదిహేడేళ్ల తనకూ అదే మాట, మోకాళ్లు పట్టుకుని లేచే ఈవిడకూ అదే మాట. రాసినవాడు ఇద్దరినీ ఎరగడు. పేరు లేదు, ఊరు లేదు, ఏం చూశాడో ఒక్క ముక్క లేదు. అత్తగారు కంప్యూటర్ తెరిచిందే లేదు. పాస్‌వర్డ్ మాత్రం నిజం. అందరికీ మెయిల్ తెరిచిపెట్టిన రోజున బావ అందరికీ ఒకటే పెట్టాడు. అది ఎక్కడో దొంగలపాలై ఉంటుంది.

"ఇంతకీ మీరేం చేశారు అత్తయ్యగారూ?"

ఆమె కిటికీకేసి తిరిగింది. "పంచదార. డాక్టరు వద్దన్నాడు కదా. మీరంతా వెళ్లాక ఈ గదిలో కూర్చుని... చెంచాతో. ఆ గుడ్లగూబ చూస్తుందని ఎవరికి తెలుసు? రాత్రి ప్లాస్టర్ అంటించాను."

నవ్వు రావాల్సింది, కానీ భయమే వచ్చింది. ఇప్పుడు ఈవిడను ఆపాలంటే ఒకటే దారి. పిచ్చుక తన మెయిల్ తెరిచి ఆమె కళ్ల ముందు పెట్టింది.

"నాకూ వచ్చింది. నాన్న వేసిన ఫీజు డబ్బు పంపబోయాను. ఇది అందరికీ గంపగుత్తగా పంపే బెదిరింపు. మనల్ని ఎవరూ చూడలేదు. పంపొద్దు, జవాబు కూడా ఇవ్వొద్దు."

అత్తగారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. తర్వాత కళ్లజోడు పైనుంచి చూసింది.

"సరే. నీకెందుకింత భయం? నువ్వేం తిన్నావు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. రానివ్వలేదు. "మీలా మాట్లాడతాను. నడుం మీద చెయ్యేసి... మీరు తిట్టినట్టు తిడతాను."

అత్తగారు ఫోన్లు రెండూ పక్కన పెట్టింది.

"నన్ను?" అందామె.

"తప్పే అత్తయ్యగారూ."

"నా తిట్లు వీధి చివరిదాకా వినిపిస్తాయి. వాటిని దాచడానికి నాన్న డబ్బు పోస్తావుటే, తింగరిమొహమా!" గాజు చేతికి ఎక్కించుకుంది. కోపం పోయిందో లేదో ఆ మొహంలో తెలియలేదు. "దాని సంగతి తర్వాత తేలుస్తా. పద, ముందు వాడికి చెప్పి ఈ పాస్‌వర్డ్ మార్పిద్దాం."

దుకాణంలో బావ కాలిపోయిన ఫ్యాన్ మోటారుకు కొత్త రాగితీగ చుడుతున్నాడు. పిచ్చుక ఉత్తరం చూపించి, ఇది ఉత్త బెదిరింపని చెబుతూ ఉండగానే అతని చేతిలో తీగ పుటుక్కున తెగింది.

"ఉత్తదేనా?" అన్నాడు.

"ఒరేయ్, నీకూ వచ్చిందా?"

"నిన్న పంపేశాను."

అత్తగారు స్టూలు మీద కూలబడింది. బావ సొరుగులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. కింద ఇంకో మెయిల్ ఉంది. పొద్దున్న వచ్చింది. డబ్బు అందిందిట, సరిపోలేదుట, ఈసారి రెట్టింపు కావాలిట. ఇచ్చినవాడి దగ్గరికే మళ్లీ వచ్చారు.

"అమ్మా, నేనేం చేశానంటే..."

"అడిగానా?" అందామె. "మేం అడగం. ఇంక పంపకు."

బావ బ్యాంకు నంబరు కలిపాడు. అవతల "హలో" అనగానే పెదవులు కదిలాయి తప్ప మాట బయటికి రాలేదు. పిచ్చుక చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. ఎరగని మనిషితో ఫోన్‌లో మాట్లాడడం ఆమెకు చావుతో సమానం.

"మా బావ డబ్బు పోయింది సార్," అంది. "మోసం చేసి తీసుకున్నారు. ఆ ఖాతా నంబరు చెబుతాను, రాసుకోండి."