గిట్లనే నాలుగుసార్లు

కార్వాన్‌లోని ఎంబ్రాయిడరీ సెంటర్‌కు కొత్త మిషన్ వచ్చి వారం తిరగలేదు, అప్పుడే దాని మీద ముసుగు కప్పేశారు. తెలుగులో రాసి చెబితే చాలు, బొమ్మ అదే కుట్టేస్తుందని ఆశపెట్టి తెచ్చిన మిషన్ అది. అక్కడి ఆడవాళ్లు ఓపిగ్గా రాశారు. తెర మీద మాత్రం ప్రతిసారీ ఒకటే జవాబు: 'తప్పు మాట'.

"నేనేం తప్పు రాసిన్నో జెర చెప్పు బిడ్డా," అని అక్కడ కుట్టుపని చేసే సక్కుబాయి సుజనను నిలదీసింది. సుజన ఆ గల్లీ పిల్లే. ఆ మిషన్ భాషను తయారుచేసిన కంపెనీలోనే ప్రోగ్రామర్.

సుజన చూసింది. పైన 'పువ్వు' అని పేరు. కింద సూది ఎటు పోవాలో కొన్ని వరుసలు. చివర్న 'గిట్లనే నాలుగుసార్లు'. కంపెనీ పద్ధతి ప్రకారమైతే ముందుగా 'నాలుగు పర్యాయములు' అని రాయాలి. ఆ మాట తమ గల్లీలో ఎవరి నోటా ఆమె వినలేదు.

"నువ్ తప్పేం రాయలే పెద్దమ్మా. దానికే సదవనొస్తలేదు."

మర్నాడు ఆఫీసులో సంగతంతా మేనేజర్ జగదీశ్వర్ ముందు పెట్టింది.

"వాళ్లకు ఇంకోసారి ట్రైనింగ్ ఇద్దాం," అన్నాడాయన. "ఒక్కో గల్లీ యాసకూ పార్సర్ మారుస్తూ కూర్చుంటే మన పని అయినట్టే."

"వాళ్లెందుకు మారాలె సర్? మారాల్సింది మనది."

అన్నాక గాని తెలియలేదు, ఆఫీసులో ఇంటి మాట నోరు దాటడం అదే మొదటిసారని. పక్క సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె మాట సర్దుకోలేదు.

రాసినదాన్ని చదివి, విడగొట్టి, మిషన్‌కు అందించే ప్రోగ్రామే పార్సర్. సుజన మొదట సులువు దారి పట్టింది: వాళ్ల మాటలకూ కంపెనీ మాటలకూ జత కలిపింది. ఆదివారం సెంటర్‌లో నడిపిస్తే మిషన్ పువ్వు ఒకసారి కుట్టి, చివరి వరుసను మాత్రం ఒకేచోట మళ్లీమళ్లీ పొడిచింది. బట్ట చిరిగింది.

"గిదేంది, బోరు ఏస్తుందా?" అంది సక్కుబాయి. అందరూ నవ్వారు. సుజనకూ నవ్వొచ్చింది, వెనకే పట్టుదలా వచ్చింది.

చిక్కు మాటల్లో లేదు. పార్సర్ ఏ వరుసకావరుస చదివి మిషన్‌కు ఇచ్చేస్తోంది. 'గిట్లనే' దాకా వచ్చేసరికి పువ్వు అయిపోతోంది. ఎక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాలో దానికి తెలియదు. సుజన సెంటర్‌లో రాసినవన్నీ ముందేసుకుంది. ఎవరు రాసినా మొదట ఒక పేరుంది: పువ్వు, బుటా, చిలుక. ఇక పేరు కనపడగానే పార్సర్‌ను ఆగమంది. కింది వరుసలన్నీ చేతిలో పట్టుకుని, 'గిట్లనే' వస్తే పేరు దగ్గర్నుంచి మొత్తం అన్నిసార్లూ అందించాలి. పాత పద్ధతిలో రాసినవీ చెడకూడదు. సాయంత్రాలన్నీ దానికే పోయాయి.

"వద్దన్నా చేశావా?" అన్నాడు జగదీశ్వర్.

"వద్దన్నరు, ఇన్న. మానలే."

ఆయన స్వయంగా నడిపించి చూశాడు. పాతవీ కొత్తవీ అన్నీ నడిచాయి. "సరే, పెడదాం. కానీ వేరే బటన్ కింద. దానికి 'అప్రామాణికం' అని పేరు పెట్టు."

"ఆ పేరు నా చేత్తోని రాయ సర్. మా పెద్దమ్మ రోజూ పొద్దున నాది సక్కని మాట కాదని బటన్ నొక్కి పని షురూ చెయ్యాల్నా?"

"ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"మస్తు ఆలోచించిన."

కోడ్ అలాగే పక్కన పడి ఉంది. ఈలోగా ట్రైనింగ్ ఇవ్వడానికి వెళ్లిన కంపెనీ మనిషిని సక్కుబాయి గుమ్మంలోనే ఆపేసింది. "మా మాట సదివేటట్టు చేస్తె ఉంచుండ్రి. లేకుంటె మీ మిషన్ మీరే తీస్కపోండ్రి." వెనక మిగతావాళ్లంతా నిలబడ్డారు.

ఆ కబురు కంపెనీకి చేరాక కొత్త పార్సర్ బటనేమీ లేకుండానే విడుదలైంది. ఆ ఏడు సుజనకు ప్రమోషన్ రాలేదు. ఎందుకని ఆమె అడగలేదు.

కొన్నాళ్లకు శ్రీకాకుళం సెంటర్‌లో రాసినవి పార్సర్‌కు కొరుకుడు పడలేదు. జగదీశ్వర్ ఆ కాగితాలు తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. సుజన కుర్చీ ముందుకు లాక్కుని చదవడం మొదలుపెట్టింది.