మూడో సాక్సు

మా అత్తయ్య ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. నాకు మాత్రం ఇంట్లోనే, ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఆగిపోయిన నా పన్నెండో తరగతిలో మిగిలింది లెక్కల పరీక్ష ఒక్కటే. అది గట్టెక్కితే నర్సింగులో చేరొచ్చు.

“సైన్ ఐదో ఘాతం. ఇంటిగ్రేట్ చెయ్యి,” అందొక రోజు.

నేను సూత్రాల పుస్తకం తిరగేశాను. ఆవిడ మా ఆయన సాక్సులు మంచం మీద కుమ్మరించింది.

“జతలు కట్టవే.”

రెండు జతలయ్యాయి. ఒంటిది ఒకటి మిగిలింది.

“మావాడు ఎప్పుడూ ఒకటి పారేస్తాడుగా. ఆ ఒంటి సైన్‌ని డీఎక్స్ పక్కన కూర్చోబెట్టు. జతల్ని కాస్‌లోకి మార్చు. ఒకటిలోంచి కాస్ స్క్వేర్ తీసేస్తే సైన్ స్క్వేరే కదా? ఇప్పుడు కాస్‌ని యూ అనుకో. పక్కన పెట్టిందే మైనస్ గుర్తుతో డీయూ అయిపోతుంది.”

“సరి సంఖ్యయితే అత్తయ్యా?”

“ఒంటిది ఉండదు. జతని విడదీయకు. ఒకటిలోంచి కాస్ టూఎక్స్ తీసేసి సగం చేస్తే సైన్ స్క్వేర్. ఘాతం దిగుతుంది, కోణం రెట్టింపవుతుంది.”

బడిలో ఈ సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పినదాన్నే. ఒక్కోటీ ఒక్కో పనికి పుట్టిందని నాకెవరూ చెప్పలేదు. సాక్సులు చుడుతున్న ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

పరీక్షనాటికి పాపకి పళ్ళొస్తున్నాయి. ఒకటే ఏడుపు. అత్తయ్య పాపని ఎత్తుకుని నాతో పరీక్ష సెంటరు గేటుదాకా వచ్చింది.

“ఒళ్ళు వెచ్చగా ఉందేమో అత్తయ్యా. పాలు సరిగ్గా తాగలేదు. నేను వెళ్ళనులే...”

“ముగ్గుర్ని పెంచానే. అందులో ఒకణ్ణి నువ్వే చేసుకున్నావు. బాగానే ఉన్నాడుగా?”

“సాక్సులు పారేస్తాడు.”

“అది మీ మామయ్య పోలిక. నడు లోపలికి!”

తలుపు దగ్గర తనిఖీ చేసే మేడం నా చేతిసంచిలోంచి బుల్లి సాక్సు తీసింది. తిరగేసి, లోపల ఏమైనా రాసి ఉందేమోనని చూసింది.

“పాపది మేడం. ఒకటి జారిపోతే ఉంటుందని.” మూడోది లేకుండా నేను ఇల్లు కదలను. ఆవిడ నవ్వి లోపలికి పంపింది.

పెద్ద ప్రశ్న సైన్ నాలుగో ఘాతం. అలవాటుగా ఒకటి పక్కన పెట్టేశాను. మిగిలిన మూడిట్లో ఒక జత కాస్‌లోకి మారింది. ఇంకో సైన్ ఒంటరిగా ఉండిపోయింది. దాన్నీ మార్చబోతే వర్గమూలం వచ్చి కూర్చుంది. కొట్టేసి మళ్ళీ రాశాను. మళ్ళీ అదే.

అంతలో బయట ఏడుపు. నా పాపే. పెన్ను పడేసి సగం లేచాను. కిటికీలోంచి, గేటు ఎదురింటి వరండాలో అత్తయ్య కనబడింది. పాప కాలు ఒకటి బోసిగా ఉంది. సాక్సు ఎక్కడో జారిపోయింది, ఇంకోటి నా దగ్గరే ఉంది! పరుగెత్తి ఇచ్చిరానా అనిపించింది.

అత్తయ్య కింద వెతకలేదు. కిటికీవైపు చూడనూ లేదు. రెండో కాలి సాక్సు కూడా లాగేసి సంచిలో పడేసింది. పాప రెండు కాళ్ళూ ఆడించుకుంటూ ఏడుపు మానేసింది.

నేను కూర్చున్నాను. పక్కన పెట్టిన సైన్‌ని తెచ్చి మిగతా వాటిలో కలిపేశాను. రెండు జతలు. ఒక్కో జతనీ సగం చేసే సూత్రంలో పెట్టి గుణించాను. కాస్ టూఎక్స్‌కి వర్గం వచ్చింది. దానికీ అదే వైద్యం. కోణం నాలుగింతలైంది, ఘాతాలన్నీ దిగిపోయాయి. ఎంత మర్యాదగా దిగాయో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బయటికొచ్చేసరికి పాప అత్తయ్య భుజం మీద నిద్రపోతోంది. ముందే వచ్చినవాళ్ళ దగ్గర ఆవిడ ప్రశ్నపత్రం చూసేసింది.

“నీ జవాబు చివర్లో, ముప్ఫై రెండు మీద ఏముంది?”

“సైన్ ఫోర్‌ఎక్స్.”

“ఆ తర్వాత?”

“ప్లస్ సీ.”

“ఊఁ. ఇక తీసుకో నీ కూతుర్ని. నా భుజం పడిపోయింది.”