సమ్మమ్మ ఇచ్చిన మురుకుల గొట్టం

మట్టెవాడలో సమ్మమ్మ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆమెను ఏదీ అడిగి తెచ్చుకోరు. పాలలోకి కాస్త తోడు అడిగినా "మా పెరుగు మీ పాలకు పడదు" అనేస్తుంది. అలాంటి మనిషి, క్రిస్మస్ దగ్గర పడుతుండగా, తనంత తానే గోడవతల నుంచి లిదియాను పిలిచి ఇత్తడి మురుకుల గొట్టం చేతిలో పెట్టింది.

"పండుగకు మురుకులు జేస్తవు గదనే! గా రేకు గొట్టంతోని ఏం ఒత్తుతవ్? మాది తీస్కపో. మా అమ్మ ఇచ్చింది, పైలం."

ఆ సంతోషంలో లిదియాకు ఏ అనుమానమూ రాలేదు. పిండి కలిపి, నూనె పొయ్యి మీద పెట్టి, గొట్టంలో పిండి కూరింది. మూత బిగించి పైనున్న పిడి తిప్పింది. మరచుట్లున్న కడ్డీ కొంచెం దూరం దిగి ఠక్కున ఆగింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కోడలు జెస్సికా గొట్టం పట్టుకుంటే, అత్త పిడి పట్టుకుని బలమంతా పెట్టింది. కదల్లేదు. విసుగొచ్చి చపాతీ కర్రతో పిడి మీద ఒక్కటిచ్చింది. ఇంకా గట్టిగా బిగుసుకుంది.

నూనె చుక్కలేసి, పట్టకారుతో పట్టి, ఎలాగో వెనక్కి తిప్పి కడ్డీని బయటికి లాగారు. మధ్యలో చుట్లు నలిగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి.

"అత్తమ్మా, పక్కింటి పెద్దత్తమ్మ మనల సంపుతది" అంది జెస్సికా.

"సంపితే మంచిగనే ఉండు. సచ్చేదాంక జెప్తది. గదే కష్టం."

లిదియా భర్త దానియేలు డోర్నకల్ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఇలాంటి పని ఆయనకు చిటికెలో పని. కానీ ఆయన కడుపులో మాట దాగదు. జెస్సికాను పెళ్లిచూపులు చూడ్డానికి వెళ్లిన రోజే, తన కొడుకు ఇంటర్ తప్పిన సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పి వచ్చిన మనిషి. ఆయన చేతికిస్తే సాయంత్రానికల్లా సమ్మమ్మకు తెలిసిపోతుంది.

అందుకని ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా లిదియా మంచం కింది పనిముట్ల పెట్టెలోంచి మూడు పలకల ఆకురాయి దొంగిలించింది. వెనక వసారాలో కూర్చుని, జెస్సికా గుడ్డ చుట్టి కడ్డీని పట్టుకుంటే, నలిగిన చుట్ల మధ్య ఆకురాయి అంచు పెట్టి ముందుకీ వెనక్కీ రాకసాగింది.

"ఎనుకకు గుంజేటప్పుడు లేపు!"

లోపలి మంచం మీంచి వచ్చింది కేక. ఇద్దరూ అదిరిపడ్డారు.

"ముందుకు పోయేటప్పుడే కోస్తదది. గట్ల రాకితే దాని పండ్లన్ని అరుగుతయి!"

తొంగి చూస్తే దానియేలు కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఆ తర్వాత లేచొచ్చి, ఏమైందని కూడా అడక్కుండా కడ్డీ లాక్కున్నాడు. చెడని చుట్టు దగ్గర ఆకురాయి అంచు ఆనించి, ఎడమ చేత్తో కడ్డీని మెల్లగా తిప్పుతూ, ఆ గాడి వెంబడే నలిగిన చోటికి నడిపించాడు. మధ్యలో మూత ఎక్కించి చూశాడు. ఎక్కడ పట్టేస్తే అక్కడ ఇత్తడి తళుక్కుమంది. అంతమేరకే మళ్లీ రాకాడు.

"లిదియా! ఏందే ఆ కిర్రుకిర్రు?" సమ్మమ్మ గొంతు. అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది.

కడ్డీ పిండి డబ్బాలోకి పోయింది. దానియేలు నోరు తెరిచాడు. పండుగకు చేసిపెట్టిన గరిజె, అదే కజ్జికాయ, ఒకటి తీసి లిదియా ఆ నోట్లో కుక్కింది.

"ఏం మరిదీ, మురుకులు అయినయా?"

ఇంకో గరిజె.

"ఆకలికి ఆగుతలేడు అక్కా" అంది లిదియా.

"గొట్టం మంచిగ నడుస్తాందా?"

మూడో గరిజె. దానియేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. సమ్మమ్మ ఆయన ఒళ్లో మెరుస్తున్న ఇత్తడి పొడిని ఒకసారి చూసింది. ఎందుకో హుషారుగా వెళ్లిపోయింది.

జెస్సికా కడ్డీని డబ్బాలోంచి తీస్తూ జరిగిందంతా చెప్పింది. నోరు ఖాళీ కాగానే దానియేలు భార్య మీద ఎగిరాడు. "ఎందుకే ఈ దొంగతనం? నువ్వు పాడు జెయ్యనే లేదు. ఇగో, ఈ సొట్ట జూడు, ఇంక రాకలే. కొత్త దెబ్బయితే ఇత్తడి బంగారం లెక్క మెరవాలె. దీంట్ల కిలుం పట్టి పచ్చగున్నది. గిది ఎన్నడో రోకలితోని కొట్టిన దెబ్బ. నీ చపాతీ కర్రకు ఇత్తడి నలుగుతదా?"

లిదియా సొట్ట చూసింది. గోడవతలికి చూసింది. కాసేపటికి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే భర్తకు సంచిచ్చి బజారుకు తోలింది. ఉల్లిగడ్డ కోసిన వేళ్లతో కళ్లు నలుపుకుని, సమ్మమ్మ గడప మీద కూలబడింది.

"అక్కా, నీ గొట్టం నా చేతుల్ల ఇరిగిపోయింది. ఏం జెయ్యాల్నో తెల్వక పాత సామాన్లోనికి ఏసిన."

"ఏస్తివా!" సమ్మమ్మ చేతిలోని చేట జారిపోయింది. "మా అమ్మ గొట్టమే అది! ఇరుగుడేందే? చుట్లు నలిగినయ్, అంతే! దసరకు నేనే రోకలితోని..."

అక్కడ ఆగి, అరచేయి నోటి మీద పెట్టుకుంది.

"మరి నాకిచ్చేటప్పుడు జెప్పకపోతివి అక్కా?"

"ఎట్ల జెప్పాలె?" సమ్మమ్మ కూడా అక్కడే కూర్చుండిపోయింది. "ఎండకాలం మరిది ఏందో రాకుతాంటే, గల్లీల అందరి ముంగట 'ఈ చప్పుడుకు నా తలకాయ పలుగుతాంది, రిటైరై మా పానం తీస్తాండు' అంటి. మల్ల ఏ మొఖం పెట్టుకొని బాగుజెయ్యమందు? మీ ఇంట్లుంటే ఆయననే జూస్తడనుకున్న. ఇప్పుడు మా అమ్మ సామాను పాయె."

ఆమె కళ్లలో నీళ్లకు ఉల్లిగడ్డ అక్కర్లేకపోయింది. లిదియాకు మనసు చివుక్కుమంది. ఇంకాస్త ఏడిపిద్దామనుకుని వచ్చింది గానీ ఆగలేక, "జెస్సికా, తీస్కరా బిడ్డా" అని కేకేసింది.

దానియేలు బాగుచేశాక చింతపండుతో తోమిన గొట్టం ధగధగలాడుతూ వచ్చింది. సమ్మమ్మ పిడి తిప్పింది. కడ్డీ ఎక్కడా పట్టకుండా అడుగుదాకా దిగింది. పైకి తిప్పింది, మళ్లీ కిందికి తిప్పింది. అప్పుడు గొట్టాన్నే ఎత్తి లిదియా వెంటపడింది.

"దొంగ మొఖందానా! ఆగు, నీ పని జెప్త!"

"కొట్టకక్కా, మల్ల చుట్లు నలుగుతయి!" అంటూ లిదియా వాకిట్లోకి పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం సమ్మమ్మే లిదియా పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. "నీకు ఒత్తుడు రాదు, జరుగు" అని, ఉన్న పిండంతా తానే ఒత్తింది. వంగి వంగి నడుం పట్టేసినా పిడి ఇంకొకరికి ఇవ్వలేదు. క్రిస్మస్ నాడు, చర్చి నుంచి వచ్చిన చుట్టాల నడుమ కుర్చీ వేయించుకుని, మురుకులు కరకరలాడుతున్నాయన్న ప్రతివాళ్లకూ గొట్టం తనదేననీ, కారం కొలత తనదేననీ, లిదియాకు నేర్పింది తానేననీ చెప్పింది. లిదియా అందరికీ చాయ్ పోస్తూ అవునవునంది.