గడియ టీచర్

బడి తెరిచే రోజు పొద్దున్నే ఒకటో తరగతి గదిలో గడియ టీచర్ కుర్చీలు సర్దడం అయిపోయింది. బొత్తాల డబ్బా బల్ల కింద పెట్టింది. వానకి ఉబ్బిన కిటికీ రెక్కల్ని అరచేత్తో నాలుగు బాది మూసింది. ఇక మిగిలింది తలుపే. గడియ సరిగ్గా పడుతుందో లేదో చూద్దామని చెయ్యి అలవాటుగా పైకెత్తింది. అక్కడ గడియ లేదు.

స్క్రూలు తీసిన బెజ్జాలు పూడ్చేసి, పైన తలుపు రంగే పూసేశారు. వేలితో గీకి చూసింది. రంగు బాగానే ఆరింది. అంటే ఇవాళా నిన్నా చేసిన పని కాదు.

"ఎవరే దీన్ని పీకింది?" అని అరిచింది.

వరండాలో వాన నీళ్ళు తోస్తున్న ఆయా చీపురు ఆపలేదు. "సెలవుల్లో వడ్రంగి వచ్చాడు టీచరమ్మా. పెద్ద మేడమ్ దగ్గరుండి తీయించారు."

"నాకు చెప్పి చావొద్దా?"

"చెప్తే నామీద పడతారని చెప్పలేదు. చెప్పకపోయినా పడుతున్నారుగా!"

గడియ టీచర్ పొడుగాటి మనిషి, ఎముకలు తేలిన భుజాలు. వానాకాలం వచ్చిందంటే ఒంటిమీద ఆకుపచ్చ ఊలు స్వెట్టర్ ఉండాల్సిందే. మోచేతుల దగ్గర ఎన్నిసార్లు అల్లిందో, అసలు ఊలుకంటే అతుకు ఊలే ఎక్కువ. గొంతు మాత్రం ఏ అతుకూ లేకుండా అప్పటిలాగే ఉంది. ఆ గొంతు విని స్టాఫ్ రూములో టీ తాగేవాళ్ళు మాటలు ఆపేస్తారు, ఆవిడ దాటిపోయాక ఆవిడ గురించే మొదలెడతారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి కాస్త నెమ్మదిగా నడుస్తుంది, వాళ్ళ టీ చల్లారాలని.

పెద్ద మేడమ్ చేతినిండా కాగితపు కిరీటాలతో వచ్చింది. వయసులో ఈవిడకంటే బాగా చిన్న, పెద్దరికమంతా కుర్చీది. వెనకాల చిన్న టీచర్ బుడగల గుత్తి పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా నిలబడింది.

"టీచర్ గారూ, ఈసారి తలుపు తెరిచే ఉంటుంది. అమ్మానాన్నలు మధ్యాహ్నం దాకా లోపలే కూర్చుంటారు. పిల్లలకి కిరీటాలు పెట్టండి. బంతి విసిరి ఒక్కొక్కరి చేతా పేరు చెప్పించండి. తర్వాత చేతులు రంగులో ముంచి గోడమీద అచ్చులు వేయించండి. అంతా నవ్వుతూ జరగాలి. మీరు నవ్వినా ఫర్వాలేదు."

"నేను నవ్వితే పిల్లలు జడుసుకుంటారు."

"నా బాధా అదే. తలుపేసి పిల్లల్ని ఏడిపిస్తారని పోయినేడు ఎంతమంది వచ్చి నా ప్రాణం తీశారో నేనింకా మర్చిపోలేదు. ఇవాళ ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఒకటో తరగతి చిన్న టీచర్‌కి ఇచ్చేస్తాను. మీరు స్టోరు గది చూసుకుందురుగాని."

స్టోరు గదంటే విరిగిన బెంచీలు, సుద్దముక్కల పెట్టెలు, వెలిగీ వెలగని బల్బు. అక్కడికి పంపడమంటే ఇక నువ్వు అక్కర్లేదని మర్యాదగా చెప్పడం. ఆవిడకి ఒళ్ళు మండింది, దాని కింద భయం కూడా వేసింది. ఈ గది తప్ప ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆవిడకి ఇంకేం లేదు మరి.

గడియ టీచర్ అన్న పేరు ఊరికే రాలేదు. ఏటా బడి తెరిచిన రోజు గంట కొట్టగానే పెద్దవాళ్ళందర్నీ గెంటినంత పని చేసి, తలుపుకి గడియ పెట్టేది. "ఏడవండి. తనివితీరా ఏడవండి. నాకేం తొందర లేదు" అని పిల్లలకి చెప్పి కుర్చీలో కూర్చునేది. ఏడుపు కాస్త ఎక్కిళ్ళలోకి దిగాక, బొత్తాల డబ్బా నేలమీద బోర్లించేది. రెండు కన్నాలవి ఇటు, నాలుగు కన్నాలవి అటు ఏరమనేది. ముక్కులు కారుతూనే ఉండేవి, చేతులు మాత్రం పనిలో పడేవి. ఎవరు తడుపుకున్నారు, ఎవరు కక్కుకున్నారు, ఎవరు తనని పట్టుకుని అమ్మా అని పిలిచారు, ఇవేవీ ఆ తలుపు దాటేవి కావు. తుడవాల్సింది తుడిచి, మార్చాల్సింది మార్చి, మొహాలు కడిగి పంపించేది. గడియ అందుకు. ఎవరైనా అడిగితే చెప్పేదేమో. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అంత మొండిది.

ఆవిడ కొడుకు బడిలో చేరిందీ ఇలాంటి రోజే. బళ్ళన్నీ ఒకే రోజు తెరుస్తారు కాబట్టి, ఒకటో తరగతి టీచర్ తన బిడ్డని ఒకటో తరగతిలో దిగబెట్టి రావడం కుదరదు. తల్లి చెప్పే తరగతిలో బిడ్డని కూర్చోబెట్టకూడదని ఇక్కడ నియమం. అందుకని వాడు మేనత్త చెయ్యి పట్టుకుని ఇంకో బడికి వెళ్ళాడు. అక్కడ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, కిటికీల నిండా పెద్దవాళ్ళ తలకాయలు. వీడు భయపడి నిలుచున్న చోటే తడిపేసుకున్నాడు. కిటికీలోంచి ఎవడి తండ్రో నవ్వి, "ఓరి వీడి దుంపతెగ, మడుగు కట్టించాడ్రా!" అన్నాడు. సాయంత్రానికి వాడు మడుగు అయిపోయాడు. ఆ పేరువల్ల కొట్టాడు, కొట్టించుకున్నాడు, చివరికి చదువే మానేశాడు. ఇవాళ వాడికి సొంత మెకానిక్ షెడ్డుంది, చెయ్యి తిరిగినవాడని పేరూ ఉంది. అయినా బండి తోసుకుంటూ వచ్చేవాళ్ళు మడుగు షెడ్డు ఎక్కడండీ అనే అడుగుతారు. ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలియదు, వాడికి తెలుసు.

"ఆ రోజు నువ్వెక్కడున్నావమ్మా?" అని ఒకసారి అన్నం ముందు కూర్చుని అడిగాడు. "బళ్ళో" అంది. మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత తల్లీకొడుకుల మధ్య మాటలు గ్యాసు అయిపోయింది, కరెంటు పోయింది అనేంతవరకే మిగిలాయి.

గంట కొట్టారు. తడిసిన గొడుగులు, తడిసిన పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువ హడావిడి పడే పెద్దవాళ్ళు గదిలోకి తోసుకొచ్చారు. గోడవారగా నిలబడి ఫోన్లు బయటికి తీశారు. "ఇటు చూడు బంగారం, నవ్వు, నవ్వమ్మా!" అని ఒకటే గోల. తల్లి ఎదురుగా కనిపిస్తుంటే ఏ పిల్ల ఏడుపు ఆపుతుంది? కిరీటాలు కళ్ళమీదికి జారాయి. బుడగ ఒకటి టప్‌మంది. మూలనున్న పిల్లవాడొకడు బల్ల కిందికి దూరి రానన్నాడు. వాడి తండ్రి వాణ్ణి కాలు పట్టి లాగుతూ, "పరువు తీయకురా వెధవా" అన్నాడు, ఇంకో చేత్తో ఫోను పట్టుకునే.

గడియ టీచర్ పళ్ళ బిగువున బంతి విసిరింది. ఒకడు పేరు చెప్పాడు. ఒకతి వాళ్ళమ్మ పేరు చెప్పింది, గోడవారన నవ్వులు. బంతి రెండు జడల పిల్ల ఒళ్ళో పడింది. పొద్దున్నుంచీ ఆ పిల్ల ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఏడ్చేవాళ్ళతో ఏ గొడవా లేదు, ఏడవని వాళ్ళతోనే భయం అని ఆవిడకి అనుభవం. పిల్ల దవడ బిగించి బంతివంక చూస్తూ కూర్చుంది.

"పేరు చెప్పు తల్లీ" అంది పిల్ల తల్లి గోడ దగ్గర్నుంచి. "ఇంట్లో గడగడా మాట్లాడుతుందండీ... చెప్పవే! పరువు తీస్తున్నావు."

పిల్ల బంతిని ఇంకా గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

"మూగదా ఏంటి?" అన్నాడు గళ్ళచొక్కా తండ్రి ఒకడు, సరదాగానే. గోడవారన మళ్ళీ నవ్వులు. పిల్లల్లో ఒకడు ఆ మాట పట్టుకుని, "మూగది, మూగది" అన్నాడు.

ఆవిడ లేచింది. "బయటికి" అంది.

"ఎవరు?"

"మీరే. అందరూ. పిల్లలు కానివాళ్ళంతా బయటికి నడవండి. ఊఁ!"

ఆ గొంతుకి సగంమంది ఎందుకో తెలియకుండానే కదిలారు. మిగతా సగాన్ని ఆవిడ భుజాలతో తోసింది. పెద్ద మేడమ్ పక్క తరగతిలో ఫొటోలు తీయిస్తోంది. ఆవిడకి కబురెళ్ళేలోపు తలుపు మూసేసింది. గడియ లేదు గనక ఎడమచెయ్యి తలుపుకి అడ్డంగా చాపి, అవతలి చట్రం గట్టిగా పట్టుకుని నిలబడింది. అవతలనుంచి తోపు మొదలైంది.

"ఇది బడా, జైలా? తెరవండి!"

"మా పిల్లని మాకు చూపించరా? ఇదేం చోద్యం!"

లోపల ఏడుపు మిన్నంటింది, ఎవరి ఏడుపులో వాళ్ళున్నారు. ఒక్క రెండు జడల పిల్ల మాత్రం లేచి, తిన్నగా తలుపు దగ్గరికి వచ్చింది. అవతల తల్లి గొంతు వినిపిస్తోంది, మధ్యలో ఈ చెయ్యి. పిల్ల చేతివంక చూసింది, ఆవిడ మొహంవంక చూసింది, వంగి మణికట్టు పైన కసిక్కున కరిచింది.

ఊలులోంచి పళ్ళు దిగాయి. ప్రాణం జివ్వుమన్నా ఆవిడ చెయ్యి తియ్యలేదు. "కరుచుకో, నీ ఇష్టం. ఇవాళ ఇంతే" అంది గొణిగినట్టు. పిల్ల తల విదిల్చి వెనక్కి లాక్కుంది. అంతలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడ్డంమీదికి నెత్తురు జారింది. కింది వరసలో ముందు పన్ను లేదు. అది కదులుతున్న పన్నే. ఇంట్లో వారం రోజులుగా నాలికతో ఆడించే ఉంటుంది, కన్నతల్లికి తెలిసే ఉంటుంది. కానీ కోపంలో ఎవరికి గుర్తుంటుంది?

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"అయ్యో, నా పిల్ల పన్ను రాలగొట్టింది! చూడండి, నోటినిండా నెత్తురు! నువ్వు మనిషివా, రాక్షసివా?" తల్లి పిల్లని చంకనేసుకుని గుక్కపెట్టింది. ఫోన్లు పైకి లేచాయి. వాటి మధ్యనుంచి పెద్ద మేడమ్ దారి చేసుకుని వచ్చింది. మొహం పాలిపోయింది.

"ఏం జరిగింది టీచర్ గారూ?"

కరిచిందండీ ఈ పిల్ల. ఆ మాట నాలిక చివరదాకా వచ్చింది. స్వెట్టర్ చెయ్యి పైకి లాగితే చాలు, గాట్లే చెప్తాయి. ఫిర్యాదు ఉండదు, స్టోరు గది ఉండదు.

అప్పుడు ఆవిడ గదివంక చూసింది. ఏడుపులన్నీ ఆగిపోయాయి. పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని రెండు జడల పిల్లనే చూస్తున్నారు. ద్వారంలో గళ్ళచొక్కావాడు అందరికంటే ముందు నిలబడ్డాడు, ఏ మాట దొరుకుతుందా అని పెదాలు సిద్ధంగా పెట్టుకుని. ఇప్పుడు ఆ మాట ఆవిడ నోటినుంచి రావాలి, అంతే. వాడు దాన్ని అందుకుంటాడు, పిల్లలు వాడి దగ్గర్నుంచి అందుకుంటారు. మధ్యాహ్నానికి కరిచే పిల్ల, పెద్దయ్యేసరికి ఇంకేదో.

"నా మోచెయ్యి తగిలింది" అంది.

"తగిలిందా, తగిలించారా?"

"తగిలించాననే రాసుకోండి."

పెద్ద మేడమ్ ఒక్క క్షణం ఆవిడవంక వింతగా చూసింది. ఈ మనిషి ఎదురు తిరుగుతుందనుకుంది గాని ఒప్పుకుంటుందనుకోలేదు. తల్లి శాపనార్థాలు పెడుతూనే ఉంది. పిల్ల మాత్రం తల్లి భుజం మీదనుంచి గడియ టీచర్నే రెప్పవేయకుండా చూస్తోంది. అబద్ధమని ఆ గదిలో తెలిసింది ఆ ఇద్దరికే.

"ఏంటే ఆ చూపు? వెళ్ళి నోరు కడుక్కో" అంది ఆవిడ.

చిన్న టీచర్ గుమ్మంలో ఎదురైంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నేనీ క్లాసు అడగలేదండీ."

"అడక్కుండానే వచ్చిందిగా. బల్ల కింద బొత్తాల డబ్బా ఉంది, నేలమీద పొయ్యి."

"మేడమ్ మళ్ళీ బంతాట..."

"పొయ్యవే నా తల్లీ! ఏరుకుంటూ కూర్చుంటారు."

స్టోరు గదిలో విరిగిన బెంచీమీద కూర్చుంది. గోడ అవతల బొత్తాలు గలగలమన్నాయి. కాసేపు గోల, తర్వాత గోల తగ్గింది. తను లేకుండా కూడా తగ్గింది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక, సుద్దముక్కల పెట్టెల మీది దుమ్ము దులుపుతూ సాయంత్రం దాకా గడిపింది.

బడి వదిలాక వాన వెలిసింది. ఉక్కపోస్తే స్వెట్టర్ విప్పింది. చెయ్యి తిరగేస్తుంటే ఊలులో ఏదో గట్టిగా తగిలింది. పన్ను. పిల్ల తల విదిల్చినప్పుడు అల్లికలో చిక్కుకుపోయింది. మణికట్టు పైన గాట్లు నల్లగా కమిలి ఉన్నాయి.

వరండా చివర ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. లోపల పెద్ద మేడమ్ ఫోనులో ఎవరినో బతిమాలుతోంది. వెళ్ళి బల్లమీద ఈ పన్ను పెట్టి, చెయ్యి చూపిస్తే రేపు పొద్దున తన కుర్చీ తనకొస్తుంది. కావాలి ఆవిడకి ఆ కుర్చీ. ఎంత కావాలంటే, ఆఫీసు గుమ్మం ముందు ఆగి నిలబడిపోయింది. "ఆ పిల్లే ఏదైనా చేసిందేమో కనుక్కుంటానండీ" అంటోంది లోపలి గొంతు. ఆవిడ పిడికిలి మూసుకుని, లోపలికి వెళ్ళకుండా ముందుకు నడిచింది. ఒకటో తరగతిలోకి వెళ్ళి, కిటికీ రెక్క తెరిచి, వెంటనే బయటికొచ్చింది. గేటు దగ్గర కాపలావాడు "ఏం టీచరమ్మా, తొందరగా వెళ్తున్నారే" అంటే, "నీకెందుకురా?" అని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. స్టాఫ్ రూములో టీలు వేడివేడిగా తాగారు. ఊళ్ళో ఆవిడ పేరు మారిపోయింది. గడియ టీచర్ పోయి పళ్ళు రాలగొట్టే టీచర్ అయింది, పిల్లల నోళ్ళలో నలిగి పళ్ళ టీచర్ అయింది. రెండు జడల పిల్లని మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టి పిలవలేదు. వాళ్ళమ్మా నాన్నా పెట్టిన పేరుతోనే పిలిచారు.

ఆయా గది ఊడుస్తూ కిటికీ అంచున దాన్ని చూసింది. ఏ పిల్లదో, అడుగుతుందిలే అని ముట్టుకోకుండా వదిలేసింది. పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో ఉంది బియ్యపు గింజంత తెల్లటి పన్ను, మొదలుకి ఆకుపచ్చ ఊలుపోగు చుట్టుకుని.